గళ్ళ పత్రమునకు పని నేర్పుట: మాక్రో రచనయందు తొలి పాఠము

క్రిందటి తల్లిదండ్రుల సమావేశము ముగిసి అందఱును లేచిపోవుచుండగా ఒక తండ్రి నన్ను ప్రక్కకు పిలిచి యిట్లడిగెను: "సార్, మావాడు మీ దగ్గర తెలుగులోనే చదువుతున్నాడు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. కంప్యూటరు పని మాత్రం అంతా ఇంగ్లీషేనంట. వీనికి అది ఎట్లా వస్తాది?" ఆనాడు నేను సరియైన ప్రత్యుత్తరము చెప్పజాలకపోతిని. "అన్నియు వచ్చునులెండి" అని మర్యాదకు పలికి యూరకుంటిని. వార్షిక సంచికకు ఏదేని యొక పాఠము వ్రాయుమని సంపాదకులు కోరగా ఆ ప్రశ్నయే మఱల జ్ఞప్తికి వచ్చినది. ఈ వ్యాసము ఆ తండ్రికి నేను బాకీపడిన సమాధానము.

నేను కంప్యూటరు విద్యయందు పట్టము పొందినవాడను కాను. తెలుగు పాఠములు చెప్పుకొనువాడను. ఏబది యేండ్లు దాటిన పిదప, పట్టీలు వ్రాసి వ్రాసి వ్రేళ్ళు నొచ్చి, ఈ మాక్రోల పని నేర్చుకొంటిని. నేర్చుకొనుటలో తప్పులు చేసితిని. అందొక తప్పు వలన ఒక బిడ్డకు అన్యాయము జరిగినది. అదియు దాచక చెప్పెదను.

గళ్ళ పత్రమనగా నేమో మొదట తెలియవలెను. ఇంగ్లీషున దీనిని స్ప్రెడ్‌షీటు అందురు. మన పెద్దలు చూచిన పట్వారీ దస్తరములోని గీతల కాగితము వంటిదే యిది. అడ్డువరుసలు, నిలువువరుసలు, వాని కూడలియందు ఒక గడి. కాగితముపై మొత్తమును మనము కూడి వ్రాయవలెను. ఇచట గడియే కూడుకొనును. ఒక యంకెను మార్చినచో దానిపై ఆధారపడిన అంకెలన్నియు తమంతట తామే మాఱును. 1978లో అమెరికాయందు హార్వర్డు వ్యాపార విద్యాలయమున చదువుచుండిన డాన్ బ్రిక్లిన్ అను విద్యార్థికి ఈ యూహ తట్టెను. నల్లబల్లమీది లెక్కలో ఒక్క యంకె మాఱినచో ఉపాధ్యాయుడు తక్కినవన్నియు చెఱిపి దిద్దవలసివచ్చుట అతడు చూచియుండెను. అతడును బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను మిత్రుడును కలిసి నిర్మించిన విసికాల్క్ 1979లో వెలువడినది. 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ వచ్చినవి. 1993లో ఎక్సెల్‌నకు విజువల్ బేసిక్ అను ఆజ్ఞాభాష చేరెను. ఈ పాఠము ఆ భాషను గూర్చినది. వెల పెట్టి కొనజాలనివారికి లిబ్రె ఆఫీసు అను ఉచిత సాధనము 2010 నుండి కలదు. దానియందును బేసిక్ భాషతో మాక్రోలు వ్రాయవచ్చును.

ఇక మాక్రో. గ్రీకు మూలమునుండి వచ్చిన మాట. పెద్దది, దీర్ఘమైనది అని యర్థము. ఒక చిన్న పేరు పలికినంతనే దాని వెనుకనున్న పనుల వరుస యంతయు నడచును. ప్రతి మాసమును ఒకే రీతిగా చేయు పనిని ఒక్కమాఱు వ్రాసిపెట్టి, పిమ్మట ఒక మీట నొక్కి చేయించుకొనుటయే మాక్రో.

ఈ భావము మనకు క్రొత్తది కాదు. మన రాయచూరునకు ఉత్తరముగా కలబురగి జిల్లాలో మళఖేడ అను ఊరు కలదు. అదియే రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటము. తొమ్మిదవ శతాబ్దమున అమోఘవర్షుని కాలమందు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కను ఏ క్రమమున చేయవలయునో చెప్పు సూత్రమునకు ఆ శాస్త్రమందు కరణసూత్రమని పేరు. దీనిని దీనితో గుణింపుము, వచ్చినదానిని దానితో భాగింపుము, మిగిలినదానిని చేర్పుము అని ఆజ్ఞల వరుసగా అది నడచును. మాక్రోయు కరణసూత్రమే. వినువాడు మాత్రము శిష్యుడు కాదు, యంత్రము. శిష్యుడు గురువు మనస్సు గ్రహించి లోపమును పూరించుకొనును. యంత్రము అట్లు చేయదు.

తొలి అభ్యాసమునకు వ్రాయవలసిన పనియే లేదు. యంత్రము మన చేతిని చూచి తానే వ్రాసికొనును. ఎక్సెల్‌నందు డెవలపర్ అను విభాగము మొదట కనబడదు. ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్ అను వానిలోనికి పోయి డెవలపర్ ముందు టిక్కు పెట్టవలెను. అందు రికార్డ్ మాక్రో అను దానిని నొక్కి ఒక పేరు పెట్టవలెను. పేరు నడుమ ఖాళీ యుండరాదు. పిమ్మట మనము చేయదలచిన పనిని చేతితో మెల్లగా చేసి, స్టాప్ రికార్డింగ్ నొక్కవలెను. నేను మొదట చేసినది మార్కుల పట్టీ. ఒక తరగతి పిల్లల పేర్లు, అయిదు విషయముల మార్కులు ఉన్న పత్రమున శీర్షికను ముదురు అక్షరములుగా చేసి, చివరి నిలువువరుసలో మొత్తము కట్టి, వరుసల వెడల్పు సరిచేసితిని. మఱునాడు వేఱొక తరగతి పట్టీ తెఱచి మాక్రోను నడపితిని. అరగంట పని కనుఱెప్పపాటున నెఱవేఱినది. ఆ సంతోషము నాకు నేటికిని జ్ఞాపకమున్నది.

సంతోషము సాయంకాలమువఱకు నిలువలేదు. మొదటి తరగతిలో ముప్పది యెనమండుగురు పిల్లలు. రెండవదానిలో నలువది నలుగురు. కడపటి ఆఱుగురికి మొత్తము పడలేదు. ఆల్ట్ మీటను, ఎఫ్11 మీటను కలిపి నొక్కినచో మాక్రో వ్రాత కనబడును. అందు చూడగా, "రెండవ వరుస మొదలు ముప్పది తొమ్మిదవ వరుస వఱకు" అని వ్రాసియున్నది. శీర్షిక ఒకటి, పిల్లలు ముప్పది యెనమండుగురు, లెక్క సరియే. "పిల్లలందఱికి" అని నేను తలచితిని. నా చేయి ముప్పది తొమ్మిదవ వరుసకడ నిలిచినది. యంత్రము చేతిని నమోదు చేసినది, తలపును నమోదు చేయలేదు. రికార్డు చేసిన మాక్రోలన్నింటియందును ఉండు లోపమిది. దీనిని కనుగొన్ననాడే మాక్రో వ్రాయుట నేర్చుకొనుట మొదలగునని నా యభిప్రాయము. అంతకు ముందున్నది చూచి నకలు తీయుట.

సవరణ కష్టము కాదు. పత్రముయొక్క అట్టడుగు వరుసకు పోయి, అచటినుండి పైకి వచ్చుచు మొదట ఏ గడి నిండియున్నదో చూడుమని చెప్పవలెను. అదియే చివరి బిడ్డ వరుస. పైనుండి క్రిందికి పోరాదా యని కొందఱడుగుదురు. పోవచ్చునుగాని నడుమ ఒక గడి ఖాళీగా నున్నచో యంత్రము అచటనే ఆగిపోవును. పరీక్షకు రాని పిల్లవాని తర్వాతివారందఱు మాయమగుదురు. 2007 నుండి ఎక్సెల్ పత్రమునకు 10,48,576 అడ్డువరుసలు కలవు. అంతకు ముందటి రకమునకు 65,536 మాత్రమే. ఇది తెలియని లోపము మనవంటి చిన్నవారికే కలుగునని యెంచరాదు. 2020లో కోవిడ్ కాలమున ఇంగ్లండు ఆరోగ్యశాఖవారు పాత రకపు పత్రము వాడగా, పట్టని వరుసలు రాలిపోయి, 15,841 మంది రోగుల లెక్క కొన్ని దినములు బయటికి రాలేదు.

ఇక మన యింటి పనికి వచ్చెదను. మన మట్మారి కృష్ణా తుంగభద్రల నడిమి నేల. రాయచూరు నుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గముమీది ఊరు. 1956 నవంబరు 1వ తేదీన రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరెను. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమను పేరు కలిగెను. కావున మన పిల్లల పేర్లు రెండు లిపులలో వ్రాయవలసియున్నది. తరగతి పట్టీలో తెలుగు. పై కార్యాలయములకు పంపు కాగితములలో కన్నడము. ప్రతి సంవత్సరమును ఒక్కొక్క పేరును రెండుమాఱులు టైపు చేయుటలో దినములు గడచిపోవును. తప్పులు సరేసరి. ఈ పనిని మాక్రోకు అప్పగింపవచ్చునా యని ఆలోచించితిని.

ఇచట ఒక చక్కని విషయము తెలిసినది. కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. ప్రపంచమందలి లిపులకన్నింటికిని సంఖ్యలు కేటాయించిన ఏర్పాటునకు యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన తొలి యూనికోడ్‌నందే తెలుగు, కన్నడములు రెండును చోటు చేసికొన్నవి. తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు 128 స్థానములు. దాని ప్రక్కయింటిలోనే, 3200 మొదలు 3327 వఱకు కన్నడము. రెండిండ్లలోను అక్షరముల అమరిక ఒక్కటే. దీనికి కారణము, 1988లో మన దేశమున భారతీయ లిపులన్నింటికిని ఉమ్మడిగా చేసిన ఇస్కీ అను ప్రమాణమును అనుసరించి యూనికోడ్ వారు ఈ వరుసను కూర్చుటయే. ఆ ప్రమాణమునకు కారణము, ఈ లిపులన్నియు బ్రాహ్మినుండి పుట్టినవగుటయు, వర్ణమాల ఒక్కటియే యగుటయు. తెలుగు కన్నడముల మాట చెప్పనక్కఱలేదు. శాసనములు చదువు పండితులు ప్రాచీన దశను తెలుగు-కన్నడ లిపి యను ఒకే పేరుతో పిలుతురు. ఇన్‌స్క్రిప్టు మీటల అమరికయందును తెలుగు కకారమునకు ఏ మీటయో కన్నడ కకారమునకును అదే మీట.

కావున తెలుగు అక్షరపు సంఖ్యకు 128 కలిపినచో అదే కన్నడాక్షరము వచ్చును. తెలుగు అకారము 3077. కన్నడ అకారము 3205. మన ఊరిపేరునే చూడుడు. మట్మారి యను మాటలో యంత్రమునకు కనబడునవి ఏడు సంఖ్యలు. మకారము 3118, టకారము 3103, పొల్లు 3149, మఱల మకారము 3118, దీర్ఘము 3134, రకారము 3120, గుడి 3135. ఒక్కొక్కదానికి 128 కలిపినచో 3246, 3231, 3277, 3246, 3262, 3248, 3263. అది కన్నడమున వ్రాసిన మట్మారి. ఈ లెక్కను మొదటిసారి కాగితముపై చేసి, పిమ్మట తెరపై ఊరిపేరు కన్నడమున కనబడగా, నా ప్రక్క కూర్చున్న కన్నడ పంతులుగారు "ఇది మీ తెలుగు కాదు, మాది" అని నవ్విరి. "రెండును ఒక్కటే యని ఇంతసేపు లెక్కించితిమి గదా" అంటిని.

అయిన ఆ లెక్కను ఆజ్ఞలుగా ఎట్లు వ్రాయవలెను? ఇచటనే ఆ తండ్రి ప్రశ్నకు సమాధానము మొదలగును. మొదట ఇంగ్లీషు జోలికి పోరాదు. చేయవలసిన పనిని తెలుగులో, ఇంటికి క్రొత్తగా వచ్చిన పనివానికి చెప్పినట్లు, ఏ యడుగును విడువక కాగితముపై వ్రాసికొనవలెను. నేను వ్రాసికొన్నది ఇది:

ఎంచుకొన్న ప్రతి గడికిని ఈ పని చేయుము. గడిలోని పేరును తీసికొనుము. క్రొత్త పేరు అను ఖాళీ సంచి నొకదానిని ప్రక్కన పెట్టుకొనుము. పేరులోని మొదటి యక్షరము మొదలు కడపటి యక్షరము వఱకు ఒక్కొక్కదాని సంఖ్యను చూడుము. ఆ సంఖ్యకు 128 కలుపుము. వచ్చిన సంఖ్యకు చెందిన అక్షరమును సంచిలో చివర వేయుము. అక్షరములు ముగిసిన పిదప సంచిలోనిదానిని కుడిప్రక్క గడిలో వ్రాయుము. తరువాతి గడికి పొమ్ము.

ఇందొక తప్పున్నది. చదువరులు పట్టుకొనిరో లేదో. నేను మాత్రము అప్పుడు పట్టుకొనలేదు. దాని సంగతి తర్వాత.

ఇట్లు వ్రాసికొన్నదానిని ఆజ్ఞాభాషలోనికి మార్చుటకు కావలసిన ఇంగ్లీషు మాటలు ఇరువదికి లోపే. మాక్రో మొదట సబ్, చివర ఎండ్ సబ్. "ప్రతి గడికిని" అనుటకు ఫర్ ఈచ్. "మొదలు, వఱకు" అనుటకు ఫర్, టు. "తరువాతిదానికి పొమ్ము" అనుటకు నెక్స్ట్. "అయినచో" అనుటకు ఇఫ్, దెన్. ఎంచుకొన్న గడులకు సెలక్షన్, గడిలోని విలువకు వాల్యూ, ప్రక్క గడికి ఆఫ్‌సెట్. పేరు ఎన్ని యక్షరములో చెప్పునది లెన్. నడుమనుండి ఒక యక్షరమును తీయునది మిడ్. అక్షరమునుండి సంఖ్యను కనుగొనుటకు ఏ, ఎస్, సి, డబ్ల్యు అను నాలుగక్షరముల ఆజ్ఞ. సంఖ్యనుండి అక్షరమును పొందుటకు సి, హెచ్, ఆర్, డబ్ల్యు అను ఆజ్ఞ. తక్కిన పేర్లు మన యిష్టము. నేను నా సంచులకు పేరు, అక్షరం, సంఖ్య, కొత్తపేరు అనియే తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో వ్రాసి పెట్టుకొంటిని. యంత్రమునకు అభ్యంతరము లేదు. పిల్లలకు చదువుట సులభము. తెలుగులో అడుగులు వ్రాసికొనజాలిన పిల్లవానికి ఈ ఇరువది మాటలు వారము దినముల పని. ఇంగ్లీషు ధారాళముగా మాటలాడు పిల్లవాడైనను అడుగులు వ్రాసికొనజాలనిచో ఆ ధారాళత ఇచట అక్కఱకు రాదు.

ఒక చిక్కు చెప్పవలెను. ఎక్సెల్‌లో మాక్రోలు వ్రాయు కిటికీ యూనికోడ్‌కు ముందటి కాలపు పద్ధతిది. అందు తెలుగు అక్షరమును నేరుగా టైపు చేసినచో ప్రశ్నార్థక చిహ్నములు వచ్చును. పిల్లలు దీనిని చూచి కంప్యూటరు పాడయినదని భయపడుదురు. పాడు కాలేదు. పత్రపు గడులలో తెలుగు చక్కగా నిలుచును. ఆ కిటికీలో మాత్రము నిలువదు. కావున తెలుగు మాటలను ఒక గడిలో వ్రాసి, మాక్రోను ఆ గడిని చదువుమని చెప్పవలెను. లేదా పైన చెప్పినట్లు సంఖ్యలతో నడపవలెను. లిబ్రె ఆఫీసు కిటికీలో ఈ చిక్కు లేదు.

ఇక నా తప్పు. మాక్రోను మొదట నడపినప్పుడు ఇంటిపేరు పొడియక్షరముగల పేర్లయందు చుక్కకు బదులుగా వలయములో ఇరికిన ఇంగ్లీషు అక్షర మొకటి వచ్చినది. కారణము త్వరగానే తెలిసినది. చుక్క సంఖ్య 46. దానికి 128 కలిపినచో 174. అది సరకులమీద వ్యాపారులు వేయు నమోదు ముద్ర. "చుక్క అయినచో కలుపవలదు" అని ఒక పంక్తి చేర్చితిని. మఱల నడపితిని. పేర్లన్నియు ముత్యములవలె వచ్చినవి. కాగితముపై ముద్రించి కన్నడ పంతులుగారికి చూపితిని. వారును తప్పు పట్టలేదు. కంటికి కనబడిన తప్పును మాత్రమే దిద్దితినని నాకు తోచలేదు.

ఆ సంవత్సరము చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చు పిల్లలకు బస్సు పాసు సొమ్ము ఇచ్చుటకు నిశ్చయమైనది. పల్లెల పిల్లల పేర్లు కన్నడమున వ్రాసిన పట్టీ ఒకటి ఉండెను. నా మాక్రో తయారుచేసిన పేర్లను ఆ పట్టీతో సరిపోల్చి, రెండింట ఉన్నవారిని ఏఱుటకు ఇంకొక మాక్రో వ్రాసితిని. అది ఏఱినది. సొమ్ము పంచితిమి. పది దినముల పిదప ఒక తల్లి వరండాలో వచ్చి నిలిచెను. "సార్, నా బిడ్డకు పాసు దుడ్డు రాలేదు. పట్టీలో పేరే లేదంట. పేరు లేకుంటే బడిలోనుంచి తీసేసినట్టేనా?" ఆ పిల్ల వారము దినములుగా బడికి వచ్చుట లేదు. హాజరుపట్టీలో ఆమె పేరునకెదురుగా గైరుహాజరు గుర్తు పెట్టినవాడను నేనే.

పట్టీ తీసి చూచితిని. నా పట్టీలో ఆమె పేరున్నది. ఆ పట్టీలోను ఉన్నది. ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. ఒక్క గీత భేదము లేదు. అక్షరముల లెక్క చూడగా అదియు సమానమే. యంత్రము మాత్రము రెండును వేఱని యనుచుండెను. ఆమె పేరు రెండు మాటల పేరు. అట్టి పేర్లుగలవారిని వెదకగా మొత్తము పదునొకండుగురు తేలిరి. ఒక్క మాట పేరుగల వారెవ్వరును తప్పిపోలేదు. అప్పుడు మాక్రోను ఎఫ్8 మీటతో ఒక్కొక్క పంక్తిగా నడపుచు ప్రతి యక్షరపు సంఖ్యను చూచితిని. మాటకు మాటకు నడుమనున్న ఖాళీకిని ఒక సంఖ్య కలదు, అది 32. దానికి నా మాక్రో 128 కలిపి 160 చేసినది. 160 అనునదియు ఖాళీయే; పంక్తి చివర మాటలు విడిపోకుండుటకు ముద్రాపకులు వాడు వేఱొక జాతి ఖాళీ. కంటికి రెండును ఒక్కటే. యంత్రమునకు ఒక్కటి కాదు. గడులలోని అధిక ఖాళీలను తీసివేయు ట్రిమ్ అను ఆజ్ఞయు ఈ 160ని ముట్టదు.

సవరణ ఒక పంక్తి. "సంఖ్య 3072 కంటె తక్కువ కాక, 3199 కంటె ఎక్కువ కాకున్నచో మాత్రమే 128 కలుపుము, తక్కినవానిని ఉన్నవానినున్నట్లు సంచిలో వేయుము." చుక్కకై నేను చేర్చిన పంక్తి ఇప్పుడు అక్కఱలేదు, కొట్టివేసితిని. తెలుగు అక్షరములకు మాత్రమే వర్తించు సూత్రమును చూచిన ప్రతిదానికిని వర్తింపజేయుటయే నా తప్పు. పదునొకండుగురికిని సొమ్ము అందినది. ఆ పిల్ల ఇంటికి నేనే పోయి బడికి రమ్మని చెప్పి వచ్చితిని. హాజరుపట్టీలోని గుర్తులు మాత్రము అట్లే యున్నవి. పట్టీలో వ్రాసినది దిద్దుటకు నాకధికారము లేదు.

అప్పటినుండి ఒక నియమము పెట్టుకొంటిని. మాక్రో ఎవరినైనను ఏఱి పట్టీ చేసినప్పుడు, ఏఱినవారి సంఖ్యతోపాటు ఏఱని వారి పట్టీనికూడ ముద్రించి చేతితో చదువుదును. లోపలికి వచ్చినవారు తమ సంగతి తాము చూచుకొందురు. విడిచిపెట్టబడినవారు కాగితముపై ఎచటను కనబడరు. కనబడనివారిని గూర్చి ఎవరును అడుగరు, ఏ తల్లియో నడచి వచ్చినగాని.

లిపి మార్చు మాక్రోకు హద్దులున్నవి. అది అక్షరములను మార్చును, వ్రాయు అలవాటును మార్చదు. శ్రీనివాసులు అని తెలుగువారు వ్రాయు పేరును కన్నడ కార్యాలయములయందు వేఱు రీతిగా వ్రాయుట తఱచు. జననపత్రమందు ఏ రీతిగా నున్నదో అదియే నిలుచును. కావున మాక్రో యిచ్చినది చిత్తుప్రతి యనుకొని తల్లిదండ్రులకు చూపి సంతకము తీసికొనుచున్నాము. ఆ కాగితము మీ చేతికి వచ్చినప్పుడు కన్నడము చదువజాలనివారు చదువగలవారిచేత చదివించి చూడవలెనని ప్రార్థన. ౘ, ౙ అను పాత యక్షరములు 3160, 3161 స్థానములందున్నవి. వానికెదురుగా కన్నడపు ఇంట గదులు ఖాళీ. పేర్లలో వీనిని ఎవరును వ్రాయరుగాన మనకు బాధ లేదు.

ఇంట కంప్యూటరుగలవారు పిల్లలచేత అభ్యాసము చేయింపదలచినచో కొన్ని జాగ్రత్తలు. మాక్రో నడపిన పిదప ఎక్సెల్‌నందు వెనుకకు తీసికొను మీట పని చేయదు. జరిగినది జరిగినట్లే. అందుచేత అసలు పత్రమును ముట్టక నకలుమీదనే నడపవలెను. పత్రమును భద్రపఱచునప్పుడు మాక్రోలకు తగిన రకమును ఎంచుకొననిచో మాక్రో మాయమగును. హెచ్చరిక వచ్చును గాని చదువక సరే యని నొక్కు అలవాటు అందఱికిని ఉన్నదే. ఎక్సెల్ మాక్రోలు ఫోనులో నడువవు. ఫోను కొనియిచ్చి మాక్రోలు నేర్చుకొమ్మనుట వలన ప్రయోజనము లేదు. ఇతరులు పంపిన పత్రము తెఱచునప్పుడు మాక్రోలను అనుమతింపవలెనా యని యంత్రమడిగినచో, పంపినవారెవరో, అందేమున్నదో తెలిసినగాని ఒప్పుకొనరాదు. 1999 మార్చిలో మెలిస్సా యను మాక్రో ఒక వర్డ్ పత్రములో దాగి లోకమంతయు తిరిగినది. 2022 నుండి మైక్రోసాఫ్టు వారు ఇంటర్నెట్టునుండి వచ్చిన పత్రములలోని మాక్రోలను మొదటనే అడ్డగించుచున్నారు.

చివరగా పిల్లల కొఱకు ఒక లెక్క. కన్నడమున వ్రాసిన పేరును తెలుగులోనికి తెచ్చుటకు పైని అడుగులలో ఏ సంఖ్యలను, ఏ మాటను మార్చవలెను? కంప్యూటరు అక్కఱలేదు, కాగితము చాలును. ఊరిపేరుతోనే సరిచూచుకొనవచ్చును, ఏడు సంఖ్యలు పైన ఇచ్చియున్నాను. తప్పైనను సరే, ఇంగ్లీషు ముక్క రాకున్నను సరే, అడుగులు తెలుగున వ్రాసి తెచ్చిన పిల్లలతో శనివారము బడి విడిచిన పిదప నేను కూర్చుందును. ఆ తండ్రి కుమారుడు వచ్చినచో మొదటి కుర్చీ వానిది.